పొలంబడిలోనే బతుకుబడి

ఉమ్మడి సేద్యం చేసే కుర్రకారుకి ఒంటి ఆరోగ్యం పాఠాలూ కావాలి

అరెకరం, ఎకరం భూమి నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే ఒక్కొక్కరికి మిగిలేది కుంటల్లోనే. ఆ కాస్త మడి మీద నలుగురూ బతకలేరు. అందుకే పదో తరగతి తప్పినవాడూ, ఇంటర్‌తో చదువు ఆపినవాడూ బస్సెక్కి హైదరాబాదు చేరుతున్నాడు. మధురానగర్, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ సందుల్లో నలుగురైదుగురు కలిసి ఒక గది తీసుకుంటారు. కొందరు అమీర్‌పేటలో కోర్సులకి, కొందరు సినిమాలో చిన్న వేషమైనా దొరక్కపోతుందా అని, ఎక్కువమంది దొరికిన కూలి పనికి. ఇక ఆడపిల్ల చదువు ఆగితే ఇంట్లో మొదలయ్యేది పెళ్లి మాటే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అంటే ఆంధ్రలో నూటికి ముప్పై మంది దాకా, తెలంగాణలో దాదాపు నలుగురిలో ఒకరు. చిన్న వయసులో కాన్పు, రక్తహీనత, అప్పు చేసి ఆస్పత్రి ఖర్చు. చివరికి ఆ భారం మళ్లీ చేను మీదే పడుతుంది. ఉన్న కుంటలు కూడా తాకట్టుకు పోతాయి.

పల్లెలో కుర్రకారుకి రెండు లోట్లు ఉన్నాయి. ఒకటి, చేతికి పని. రెండు, తన ఒంటి గురించి తెలివిడి. మొదటిదాని గురించి వ్యవసాయాధికారి చెబుతాడు, రెండోదాని గురించి నర్సమ్మ చెబుతుంది. ఇద్దరూ కలిసి చెప్పిన చోటు తక్కువ. అయితే ఈ రెండు పాఠాలనీ ఒకే చేలో చెప్పిన దేశాలు ఉన్నాయి. మన దగ్గరా అలాంటి ప్రయత్నం జరిగింది.

ఆఫ్రికాలో చిన్నారుల పొలంబడి

ఆఫ్రికా దక్షిణాన మొజాంబిక్ అనే దేశం ఉంది. మనలాగే చిన్న కమతాలు, వాన మీద ఆధారపడ్డ సేద్యం. అక్కడా, చుట్టుపక్కల దేశాల్లోనూ ఎయిడ్స్ వల్ల లక్షల మంది నడివయసులోనే పోయారు. విత్తనం ఎప్పుడు వేయాలో, గింజ ఎలా దాచాలో తండ్రి దగ్గర నేర్చుకోకముందే పిల్లలు అనాథలయ్యారు. భూమి ఉంది, సేద్యం చేసే తెలివిడి మధ్యలో తెగిపోయింది.

దాంతో 2003-04లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం కలిసి అక్కడ చిన్నారులకు పొలంబడులు మొదలుపెట్టాయి. తర్వాత కెన్యా, మలావీ, జాంబియా వంటి దేశాలకూ అవి పాకాయి. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలు, ఒక్కో బడికి సుమారు ముప్పై మంది, ఆడా మగా ఇద్దరూ. పంట కాలం పొడుగునా కలిసి ఒక మడి సాగు చేస్తారు. చేలో ఏ పాఠమో బతుకులోనూ అదే పాఠం. మొక్కని పురుగు నుంచి కాపాడుకోవడం నేర్చిన రోజున, తమని తాము జబ్బు నుంచి ఎలా కాపాడుకోవాలో మాట్లాడుకుంటారు. ఆటలు, పాటలు, చిన్న నాటకాలతో నేర్పుతారు. సిగ్గుపడే మాట కూడా నాటకంలో తేలిగ్గా బయటికొస్తుంది.

మనకి కొత్తేమీ కాదు

పొలంబడి మన రైతుకి తెలిసిన మాటే. 1989లో ఇండొనేషియా వరి చేలల్లో మొదలైన ఈ పద్ధతి మన దగ్గరికీ వచ్చింది. వారానికోసారి చేలోకి దిగి, మిత్రపురుగులెన్ని, శత్రుపురుగులెన్ని అని లెక్కపెట్టి, బొమ్మ గీసి, మందు కొట్టాలా వద్దా అని రైతులే తేల్చుకోవడం దీని సారం. అక్షింతల పురుగునీ, సాలీడునీ చూసి ‘ఇవి మనవే, చంపొద్దు’ అని చెప్పగలిగిన రైతు పొలంబడిలో పాసైనట్టే.

ఉమ్మడి సేద్యం కూడా పాత మాటే. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు కలిసి భూములు కౌలుకు తీసుకుని, జొన్న, కంది, కొర్ర, సామ కలిపి పండించారు. మెట్ట చేలో తిండిగింజలతో ఇల్లు గడుపుకోవచ్చని చేసి చూపించారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

మనం చెప్పుకుంటున్న విషయానికి బాగా దగ్గరిది ఆంధ్రప్రదేశ్ మహిళా సమతా సొసైటీ. 1993లో మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో మొదలైంది. పేద మహిళల సంఘాలు కట్టింది. ఆ సంఘాల్లో కూలి రేటు మాటా వచ్చేది, నెలసరి మాటా వచ్చేది, బాల్యవివాహం మాటా వచ్చేది. చదువు మానేసిన ఆడపిల్లల కోసం మహిళా శిక్షణ కేంద్రాలు నడిపింది. 2001 నుంచి కేంద్ర ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో తెలంగాణ జిల్లాల్లో సుమారు 500 గ్రామాల్లో ఈ సంఘాలచేత ఉమ్మడి సేద్యం చేయించింది. తమ ఒంటి గురించి సిగ్గు లేకుండా మాట్లాడుకోవడం నేర్చిన ఆడవాళ్లే, దొర దగ్గరికి గుంపుగా వెళ్లి కౌలు మాట్లాడుకున్నారు. ఒక ధైర్యం రెండో ధైర్యానికి ఊతమైంది.

లెక్క ఏం చెబుతోంది?

ఉమ్మడి సేద్యం అంటే అన్నిచోట్లా లాభమే అనుకోవద్దు. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ తెలంగాణ గుంపులనీ, కేరళ కుటుంబశ్రీ గుంపులనీ పోల్చి 2018లో ఒక అధ్యయనం అచ్చు వేశారు. కేరళ గుంపుల దిగుబడి విలువ, హెక్టారుకు లెక్కిస్తే, విడిగా సేద్యం చేసే కుటుంబాల కంటే 1.8 రెట్లు వచ్చింది. తెలంగాణ గుంపుల దిగుబడి విడి రైతుల కంటే తగ్గింది. అయినా కూలి ఖర్చు మిగిలింది కాబట్టి, నికరంగా చేతికొచ్చింది దాదాపు సమానమే.

తేడా ఎక్కడుంది? కేరళలో గుంపులు చిన్నవి, బ్యాంకు రుణం అందింది, అరటి, కూరగాయల వంటి అమ్ముడుపోయే పంటలు వేశారు. తెలంగాణలో గుంపులు పెద్దవి, కౌలుకు మంచి భూమి దొరకలేదు, పథకం ముగిశాక అండ తగ్గింది. కాబట్టి కొత్తగా గుంపు కట్టాలనుకునే కుర్రకారు ఇందులోంచి పాఠం తీసుకోవాలి.

గుంపు ఎలా కట్టాలి?

- అయిదారుగురితో మొదలుపెట్టండి. నాబార్డు చెప్పే ఉమ్మడి బాధ్యత గుంపుకి 4 నుంచి 10 మంది చాలు. ఒకరికొకరు పూచీ ఉంటే కౌలుదారులైనా బ్యాంకు రుణానికి అడగొచ్చు.
- రుణం, కౌలు కాగితం 18 నిండినవారి పేరనే. చిన్నపిల్లలు వస్తే నేర్చుకోవడానికే రావాలి. పురుగుమందు డబ్బా వాళ్ల చేతికి ఇవ్వనే కూడదు.
- కౌలు మాట నోటితో సరిపెట్టొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద భూయజమాని ఒప్పుకుంటే 11 నెలల కార్డు ఇస్తారు. భూమి హక్కు ఎక్కడికీ పోదని ముందుగా యజమానికి నచ్చచెప్పాలి.
- మొదటి ఏడు ఒకే పంట మీద పందెం వేయొద్దు. మెట్టలో వేరుశనగ అయితే ఏడు సాళ్లకి ఒక సాలు కంది. నీటి వసతి ఉంటే ఆకుకూరలు, కూరగాయలు. వారం వారం చేతిలో డబ్బు ఆడితేనే కుర్రాళ్లు నిలుస్తారు.
- హాజరు పుస్తకం తప్పనిసరి. ఎవరు ఎన్ని రోజులు పని చేశారో ఆ సాయంత్రమే రాయాలి.

పంపకం లెక్క ఇలా ఉండాలి. ఖర్చులు, కౌలు పోను 60 వేలు మిగిలిందనుకుందాం. పదో వంతు, అంటే 6 వేలు గుంపు నిధికి. మిగిలిన 54 వేలని అందరి పని దినాలు 180తో భాగిస్తే రోజుకి 300. నలభై రోజులు చేసినవారికి 12 వేలు, ముప్పై రోజులు చేసినవారికి 9 వేలు. ఆడా మగా తేడా లేదు, రోజుకి రోజే. గుంపులు విరిగేది సాధారణంగా నష్టం వల్ల కాదు, లెక్క తెలియకపోవడం వల్ల.

చేలోనే ఒంటి పాఠం

వారానికోసారి పొలంబడి అయ్యాక అరగంట చాలు. ఊరి ఆశా కార్యకర్తనో, నర్సమ్మనో పిలవండి. మొదట ఆడపిల్లలు, మగపిల్లలు వేరువేరుగా కూర్చోవాలి. భయం తీరాక కలిసి కూర్చోవచ్చు. చేలోని ఉపమానమే మంచి పలక.

విత్తనశుద్ధి రోజున: తెగులు వచ్చాక మందు కంటే రాకముందు జాగ్రత్త చవక. సుఖవ్యాధులకీ అంతే. నిరోధ్ గురించి ఈ రోజు మాట్లాడాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా దొరుకుతాయి.

లేత చెట్టు కాపు గురించి మాట్లాడేటప్పుడు: మొదటి ఏడే కాయలు మోస్తే మొక్క కుంగుతుందని పూత తుంచేస్తాం. పదహారేళ్ల పిల్లకి కాన్పు బరువు అలాంటిదే. ఆడపిల్లకి 18, మగపిల్లవాడికి 21 నిండకుండా పెళ్లి చేస్తే 2006 చట్టం కింద నేరం.

ఎరువు పాఠం రోజున: ఇనుము లేని ఒళ్లు సారం లేని నేలే. 10-19 ఏళ్ల పిల్లలకు వారానికో ఐరన్ మాత్ర బడిలో, అంగన్‌వాడీలో ఇస్తారు. మునగాకు, తోటకూర, రాగులు గుంపు మడిలోనే పండించుకోవచ్చు. నెలసరి మైల కాదు, రోగమూ కాదు. చేనికి వచ్చే ఆడపిల్లకి నీళ్లూ, చాటూ ఏర్పాటు చేయడం గుంపు బాధ్యత.

పురుగుల లెక్క రోజున: పొలం చూడకుండా మందు కొట్టం. అలాగే అనుమానం ఉంటే పరీక్ష చేయించుకోకుండా నాటుమందు తినకూడదు.

హెచ్‌ఐవి: నిజమేది, అపోహ ఏది?

2005-06 సర్వే నాటికి దేశంలో 15-49 ఏళ్లవారిలో 0.28 శాతానికి హెచ్‌ఐవి ఉంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతానికి ఉంది. కోస్తాలో ఆ రోజుల్లో ఎన్ని కుటుంబాలు భూమి అమ్ముకున్నాయో పెద్దలకి తెలుసు. తర్వాత ప్రచారం, పరీక్షలు, మందుల వల్ల తగ్గుముఖం పట్టింది. కానీ ఆ రోజులు చూడని పిల్లలు ఇప్పుడు ఎదిగారు. వాళ్లకి ఆ భయమూ లేదు, తెలివిడీ లేదు.

ఇది రక్షణ లేని లైంగిక సంబంధం వల్ల, ఒకరి సూది ఇంకొకరు వాడటం వల్ల, పరీక్షించని రక్తం ఎక్కించడం వల్ల, తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. ఒకే కుండలో నీళ్లు తాగితే రాదు. కలిసి కోత కోస్తే రాదు. దోమ కుడితే రాదు. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. రోజూ మానకుండా వేసుకుంటే అందరిలా పని చేసుకోవచ్చు, వైరస్ అణిగి ఉన్నంత కాలం లైంగికంగా ఇతరులకు సోకదు. గర్భిణికి ముందే తెలిస్తే బిడ్డని కాపాడుకోవచ్చు. జబ్బు ఉందని ఎవరినీ పని నుంచి తీసేయకూడదు. 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న 2017 చట్టం అదే చెబుతోంది.

పెద్దల సందేహం

‘ఆ మాటలన్నీ చెబితే పిల్లలు చెడిపోరా?’ అని కొందరు అంటారు. చెప్పకపోతే తెలియకుండా ఉంటారా? చేతిలో ఫోనుంది, సినిమా ఉంది, పట్నం గదిలో స్నేహితుల కబుర్లు ఉన్నాయి. అక్కడ దొరికేది కల్తీ విత్తనం. ఇంటి దగ్గర చెప్పేది శుద్ధి చేసిన విత్తనం. ఏది నాటాలో రైతుకి చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఆడపిల్లకే కాదు. ‘వద్దు’ అన్న మాటకి విలువ ఇవ్వాలని మగపిల్లవాడికీ నేర్పాలి. పిల్లలెవరైనా ఆపదలో ఉంటే 1098కి ఫోన్ చేయొచ్చు.

హెచ్‌ఐవి పరీక్ష ఏరియా ఆస్పత్రుల్లోని సలహా, పరీక్ష కేంద్రాల్లో ఉచితం. పేరు గుట్టుగా ఉంచుతారు. సందేహాలకి 1097 నంబరుకి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. గుంపు, రుణం సంగతి బ్యాంకులోనూ, వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరా అడగండి.

తొలకరికి ముందే అయిదుగురు కూర్చుని మాట్లాడుకోండి. కౌలు కాగితం, హాజరు పుస్తకం, వారానికో అరగంట ఆరోగ్యం పాఠం. ఈ మూడూ కుదిరాకే అరక కట్టండి.