కల్లులో కలిసినది ఏమిటి?

తాగుడు మానితే ఇల్లు బాగుపడుతుందని మనమందరము ఎరుగుదుము. కాని కల్లు మానిన రెండు మూడు రోజులకే మనిషి ఫిట్స్ వచ్చి పడిపోతే ఆ ఇంటివారు ఏమి చేయాలి?

2015 సెప్టెంబరులో తెలంగాణ పల్లెల్లో ఇలాగే జరిగింది. కల్తీ కల్లుపై అధికారులు గట్టిగా దాడులు చేయగా, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో అలవాటుపడినవారికి అది ఒక్కసారిగా దొరకకుండా పోయింది. చేతులు వణికాయి, నిద్ర కరువైంది, కొందరు లేనివి కనబడి ఏదేదో మాట్లాడారు, మరికొందరికి ఫిట్స్ వచ్చాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అనేకులను తీసుకువచ్చారు.

కారణము కల్లు ఒక్కటే కాదు. నీళ్లు కలిపిన కల్లులో మత్తు తగ్గకుండా ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మందులు కలిపేవారున్నారు. నిద్రకు, ఆందోళనకు వైద్యులు కొలతగా వాడించే రకము మందులివి. తాగేవాడు మాత్రము రెండు మత్తులు కలిపి తీసుకొంటున్నానని ఎరుగడు. ఆ రెండూ మెదడును మందగింపజేసేవే గనుక, కలిసినప్పుడు ఊపిరి కూడా తగ్గిపోవచ్చును. రోజూ తీసుకొంటే శరీరము వాటికి అలవాటుపడుతుంది. ఒక్కసారిగా ఆపితే తిరగబడుతుంది.

అందుకే ఈ విషయమును పరిశీలించేవారు కల్లు నమూనాలను ప్రయోగశాలలో పరీక్షిస్తారు. తాగినవారిని “ఎంత తాగావు?” అని మాత్రమే గాక, “ఇంకా ఏమి తీసుకున్నావు? ఎన్నాళ్లనుండి? చివరిసారి ఎప్పుడు?” అని గద్దించకుండా అడుగుతారు. ఆ జవాబులనుబట్టే ప్రాణహాని తగ్గించే సలహాలు తయారవుతాయి.

అట్టి సలహాలు తాగుడును ప్రోత్సహించవా అని కొందరు అడుగుతారు. బ్రతికి ఉన్నవాడే రేపు మానగలడని మా జవాబు.

కుటుంబములు గుర్తుంచుకోవలసినవి:

1. అలవాటైనవానిని గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించవద్దు. డాక్టరు తగిన మందు ఇచ్చి, దానిని క్రమముగా తగ్గిస్తారు.

2. కల్లు గాని సారా గాని తాగినవారికి నిద్రమాత్ర ఇవ్వవద్దు.

3. లేపినా లేవకపోతే, ఊపిరి మందగిస్తే, “మత్తు దిగాక లేస్తాడులే” అని వదలవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. మజ్జిగ, నిమ్మరసము నోట పోయవద్దు.

4. డాక్టరు దగ్గర ఏదీ దాచవద్దు.

ఈ ఆపద తీరిపోలేదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతములో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.

పరువు పోతుందని దాచిన సంగతే చాలా ఇళ్లలో ప్రాణము మీదికి తెస్తుంది. గనుక పొరుగింటి తల్లి తన కుమారుని గురించి మనతో చెప్పుకొంటే, ఆ మాటను వీధిన వేయక, ఆమెతోపాటు ఆసుపత్రి వరకు నడుద్దాము.