మానవ స్పృహ - నిర్వచనంలోని చిక్కు

నెల్లూరు తీరాన మైపాడు, కృష్ణపట్నం వంటి ఊళ్ళలో, అలలలో మునిగిన మనిషిని ఒడ్డుకు చేర్చినప్పుడు చుట్టూ మూగినవారు అడిగేవి రెండే ప్రశ్నలు: ప్రాణం ఉందా? తెలివి ఉందా? ముస్లిముల ఇళ్ళలో రెండవ ప్రశ్న "హోష్ ఉందా?" అని వినవస్తుంది. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని చదువురానివారికి సైతం తెలుసు. కాని ఆ తెలివి, అనగా స్పృహ, ఏమిటో నిర్వచించమంటే పండితులు కూడా తడబడతారు.

ఒకే పేరు క్రింద అనేక విషయాలు ఇమిడి ఉండడమే ఇందుకు కారణం. మెలకువ ఒకటి, పరిసరాలను గుర్తించడం మరొకటి, మంచిచెడ్డల విచక్షణ ఇంకొకటి. వీటన్నిటినీ అనుభవించే 'నేను' అనే ఎరుక వేరొకటి. కలగనేవానికి మెలకువ లేదు, అనుభవం ఉంది. మతి చలించినవానికి మెలకువ ఉంది, విచక్షణ లేదు.

ఈ చిక్కును ఇమామ్ గజాలీ (మరణం 1111) ముందే గుర్తించారు. ఖల్బ్, రూహ్, నఫ్స్, అఖ్ల్ అనే నాలుగు పదాలకూ దేనికది ప్రత్యేకార్థం ఉన్నదనీ, నాలుగూ కలిసి సూచించే అయిదవ అర్థం కూడా ఉన్నదనీ, అది మనిషిలో తెలుసుకొనే సూక్ష్మతత్వమనీ 'ఇహ్యా'లో వివరించారు. రూహ్‌ను 'ఆత్మ' అనీ, నఫ్స్‌ను 'మనస్సు' అనీ తెనిగించి ఊరుకుంటే ఈ భేదం మరుగున పడుతుంది.

వైద్యశాస్త్రం మాటేమిటి? 1974లో వెలువడిన గ్లాస్గో కొలమానం కళ్ళు తెరవడం, మాట, కదలిక అనే మూడింటిని పరీక్షించి 3 నుండి 15 వరకు అంకెలు వేస్తుంది. అది కొలిచేది బాహ్యస్పందననే గాని లోపలి ఎరుకను కాదు. 2006లో ప్రకటితమైన ఒక పరిశోధన దీనికి నిదర్శనం. ఏ స్పందనా లేని ఒక యువతిని టెన్నిస్ ఆడుతున్నట్లు ఊహించుకొమ్మన్నప్పుడు, ఆమె మెదడు ఆరోగ్యవంతుల మెదడు వలెనే పనిచేసింది!

స్పృహ లేకపోవడం వేరు, మెదడు పూర్తిగా నశించడం వేరు. ఈ రెండవ స్థితి విషయంలో కూడా ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన ఫిఖ్ అకాడమీ దానిని మరణంగా అంగీకరించింది. 1987లో మక్కాలోని ఫిఖ్ మండలి మాత్రం యంత్రాన్ని తొలగించవచ్చుననీ, గుండె, శ్వాస ఆగిన పిదపనే మరణంగా నిర్ణయించాలనీ తీర్మానించింది.

అయితే నిర్వచనం కుదరనంత మాత్రాన ధర్మం ఆగిపోదు. నిద్రించేవాడు మేల్కొనేవరకు, బాలుడు యుక్తవయస్కుడయ్యేవరకు, మతిలేనివాడు తేరుకొనేవరకు వారి కర్మలు లిఖించబడవని హదీసు తెలుపుతుంది. షరీఅత్ స్పృహ యొక్క స్వరూపాన్ని విచారించలేదు. దాని చిహ్నాలను బట్టి బాధ్యతను నిర్ణయించింది.

రూహ్‌ను గూర్చిన ప్రశ్నకు, అది ప్రభువు ఆజ్ఞకు చెందినదనీ, మానవునికి లభించిన జ్ఞానం స్వల్పమనీ దివ్యఖుర్ఆన్ (17:85) బోధిస్తుంది. పరిశోధన మానుకొమ్మని దీని భావం కాదు. పలుకక పడివున్న మనిషి ఎదుట "ఇతనికేమీ తెలియదు" అని తొందరపడి తీర్పు చెప్పవద్దని ఇందులో మనకొక హెచ్చరిక ఉంది.