బ్లేడు మంచిదా? మిషను మంచిదా?

ఒక ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో మామగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి లేవదు. ఎడమ చేత్తో అన్నం తింటాడు. మంచం మీద కూర్చుంటాడు. కానీ గడ్డం గీసుకోలేడు.

ఇదివరకు వారానికి రెండుసార్లు కటింగ్ షాపుకు నడిచి వెళ్ళేవాడు. ఇప్పుడు గడప దాటలేడు. కొడుకు పొద్దున్నే పనికి పోతాడు. చీకటి పడ్డాక వస్తాడు. గడ్డం పెరిగింది. చెమటకు దురద పెడుతోంది.

"అమ్మాయ్, ఈ గడ్డం సంగతి ఏదో చూడమ్మా" అన్నాడు మామగారు.

కోడలు ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు. అయినా సరేనంది. భర్త బ్లేడు తీసుకుంది. సబ్బు రాసి మెల్లగా గీసింది. ఒక చెంప బాగానే వచ్చింది. దవడ కిందకు వచ్చేసరికి చెయ్యి జారింది. చిన్న గాటు పడింది. ఆవగింజంత గాటు.

కానీ నెత్తురు ఆగలేదు. పసుపు అద్దింది. ఆగలేదు. పటిక రాసింది. ఆగలేదు. తువ్వాలు తడిసింది. కోడలికి చేతులు వణికాయి. పరుగెత్తుకెళ్ళి నర్సమ్మను పిలుచుకొచ్చింది.

నర్సమ్మ శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాటు మీద అదిమి పట్టుకుంది. మధ్యలో తీసి చూడలేదు. పది నిమిషాలకు నెత్తురు ఆగింది.

నెత్తురు ఎందుకు ఆగలేదు?

"మామగారు ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని నర్సమ్మ అడిగింది.

కోడలు ఆస్పత్రి చీటీ తెచ్చింది. కూడబలుక్కుని చదివింది. "రక్తం పలచన చేసే మాత్ర. రోజుకు ఒకటి."

"అదీ కారణం" అంది నర్సమ్మ. "మన నెత్తురుకు గడ్డకట్టే గుణం ఉంది. అందుకే చిన్న గాయం దానంతట అదే ఆగుతుంది. కొందరికి మెదడుకు పోయే రక్తనాళంలో నెత్తురు గడ్డ అడ్డం పడుతుంది. అప్పుడు పక్షవాతం వస్తుంది. గుండె రక్తనాళంలో అడ్డం పడితే గుండెపోటు వస్తుంది. మళ్ళీ అలా గడ్డకట్టకుండా ఈ మాత్ర ఇస్తారు. మాత్ర వేసుకునేవాళ్ళకు చిన్న గాటు పడినా నెత్తురు ఆలస్యంగా ఆగుతుంది."

"అయితే మాత్ర మానిపించనా అక్కా?"

"అమ్మో, ఆ పని చెయ్యకు. డాక్టరు చెప్పకుండా మానితే మళ్ళీ పక్షవాతం రావచ్చు. మానాల్సింది మాత్ర కాదు, గాటు పడటం. ఈయనకు బ్లేడు వద్దు. మిషను చూడండి."

బ్లేడు ఎలా కోస్తుంది? మిషను ఎలా కోస్తుంది?

పూర్వం పొడవాటి కత్తి ఉండేది. తోలు మీద రుద్ది పదును పెట్టేవారు. అమెరికాలో కింగ్ జిల్లెట్ అనే ఆయన 1903లో కొత్త రకం రేజరు అమ్మకానికి పెట్టాడు. దానిలో పలచని బ్లేడు బిగించాలి. మొద్దుబారితే పారెయ్యాలి. ఆ బ్లేడే తర్వాత మన ఊళ్ళకూ వచ్చింది. అమెరికాలోనే జేకబ్ షిక్ అనే ఆయన 1931లో కరెంటు షేవరును అమ్మడం మొదలుపెట్టాడు.

బ్లేడు నేరుగా చర్మానికి ఆనుతుంది. వెంట్రుకను మొదలంటా కోస్తుంది. చెంప నున్నగా వస్తుంది. కానీ వెంట్రుకతో పాటు చర్మం పైపొరను కూడా కొంచెం గీకుతుంది. అందుకే మంట పుడుతుంది. చెయ్యి జారితే గాటు పడుతుంది.

షేవరులో కూడా బ్లేడు ఉంటుంది. అది లోపల ఉంటుంది. దాని మీద సన్నని రేకు ఉంటుంది. ఆ రేకుకు జల్లెడలాగా చిల్లులుంటాయి. చిల్లుల్లో వెంట్రుక దూరుతుంది. లోపలి బ్లేడు దాన్ని కత్తిరిస్తుంది. చర్మానికి రేకే తగులుతుంది. బ్లేడు తగలదు. అందుకే గాట్లు బాగా తక్కువ. అయితే బ్లేడుతో గీసినంత నునుపు రాదు.

ట్రిమ్మరు ఇంకో రకం మిషను. దానికి దువ్వెన పళ్ళలాంటివి ఉంటాయి. అది వెంట్రుకను పొట్టిగా కత్తిరించి వదిలేస్తుంది. చేత్తో తడిమితే గరుగ్గా ఉంటుంది.

వారం రోజుల గడ్డం మీద షేవరు పెడితే పని జరగదు. పొడుగు వెంట్రుకలు చిల్లుల్లో దూరవు. లాగి నొప్పి పెడుతుంది. ముందు ట్రిమ్మరుతో పొట్టిగా కత్తిరించాలి. ఆ తర్వాత షేవరు పెట్టాలి.

ఎవరికి ఏది మేలు?

ఆరోగ్యంగా ఉండి, తన గడ్డం తానే గీసుకునే మనిషికి బ్లేడు చాలు.

నెత్తురు పలచన చేసే మందులు వాడేవారికి మిషను మేలు. చక్కెర జబ్బు ఉన్నవారికీ మిషను మేలు. చక్కెర ఎక్కువగా ఉంటే పుండు తొందరగా మానదు. చీము పడుతుంది. చేతులు వణికే ముసలివాళ్ళకూ, మంచాన పడిన వాళ్ళకూ మిషనే మేలు.

కొందరికి గీసిన చోట పొక్కులు లేస్తాయి. ఉంగరాల వెంట్రుక ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువ. కోసిన వెంట్రుక వంకర తిరిగి మళ్ళీ చర్మంలోకి గుచ్చుకుంటుంది. అక్కడ పొక్కు వస్తుంది. వాళ్ళు నున్నగా గీయకుండా ట్రిమ్మరుతో కత్తిరించుకుంటే పొక్కులు తగ్గుతాయి.

ఖర్చు లెక్క వేద్దాం

ఆ రాత్రి కోడలు పలక ముందేసుకుని లెక్క కట్టింది. వారానికి రెండుసార్లు గడ్డం గీస్తే ఏడాదికి 52 వారాలకు 104 సార్లు.

కటింగ్ షాపులో ఒకసారికి 50 రూపాయలు అనుకుందాం. 104 సార్లకు 5,200 రూపాయలు.

ఇంట్లో ఒక బ్లేడు నాలుగుసార్లు వస్తుంది అనుకుందాం. ఏడాదికి 26 బ్లేడ్లు కావాలి. బ్లేడు 3 రూపాయలైతే 78 రూపాయలు. సబ్బు ఖర్చు వేరే.

మిషను 1,500 రూపాయలు అనుకుందాం. మూడేళ్ళు పనిచేస్తే ఏడాదికి 500 రూపాయలు.

అంటే ఇంట్లో బ్లేడే అన్నిటికన్నా చవక. మిషనుకు ఏడాదికి 422 రూపాయలు ఎక్కువ. కోడలు ఆ అంకె చూసింది. నెత్తుటి తువ్వాలు గుర్తొచ్చింది. "నీకు బ్లేడు చాలు. మామయ్యకు మిషను కొందాం" అని భర్తతో చెప్పింది. అతనూ ఒప్పుకున్నాడు.

మీ ఊళ్ళో ధరలు వేరుగా ఉండవచ్చు. మీ ధరలు వేసి మీరూ లెక్క కట్టి చూడండి.

ఒకరి బ్లేడు ఇంకొకరికి వద్దు

కోడలు చేసిన పొరపాటు ఇంకొకటి ఉంది. భర్త వాడిన బ్లేడుతోనే మామగారికి గీసింది. చాలా ఇళ్ళలో ఇలాగే జరుగుతుంది. నాన్న బ్లేడుతో కొడుకు గీసుకుంటాడు. అదే బ్లేడుతో ఇల్లాలు గోళ్ళు తీస్తుంది. కుట్లు విప్పుతుంది. పిల్లలు దానితోనే పెన్సిలు చెక్కుతారు.

బ్లేడు మీద కంటికి కనబడని నెత్తురు ఉండవచ్చు. ఆ నెత్తురులో రోగక్రిమి ఉండవచ్చు. హెపటైటిస్ బి అనేది అలాంటి జబ్బు. అది కాలేయాన్ని పాడు చేస్తుంది. కొందరికి కామెర్లు వస్తాయి. కొందరికి ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు. లోపల కాలేయం చెడిపోతూ ఉంటుంది. ఈ క్రిమి మనిషి ఒంటి బయట కూడా 7 రోజుల దాకా బతకగలదు. చూస్తే బ్లేడు శుభ్రంగానే కనబడుతుంది.

ఎయిడ్స్ తెచ్చే క్రిమి ఒంటి బయట ఎక్కువసేపు బతకదు. బ్లేడుతో అది అంటడం బాగా అరుదు. కలిసి తింటే, తాకితే ఎయిడ్స్ రాదు. అయినా నెత్తురు అంటిన బ్లేడు ఎవరిదైనా వాడకూడదు.

హెపటైటిస్ బికి టీకా ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల లోపు మొదటి టీకా వేయించాలి. తర్వాత 6, 10, 14 వారాలకు వేసే టీకాలో కూడా ఆ మందు ఉంటుంది. ప్రభుత్వ ఆస్పత్రిలో డబ్బు తీసుకోరు.

షాపుకు వెళ్ళే మగవాళ్ళకు ఒక మాట చెప్పండి. "అన్నా, కొత్త బ్లేడు నా ముందు విప్పి పెట్టు" అని అడగాలి. అడిగితే తప్పు కాదు. మంచి షాపులో అడగక ముందే మారుస్తారు. అందరికీ రుద్దే పటిక ముక్క కూడా వద్దనాలి. అందరి ముఖం తుడిచే తువ్వాలు వద్దనాలి. తామర లాంటి చర్మవ్యాధులు తువ్వాలు ద్వారా అంటుకుంటాయి.

మిషనుకూ ఇదే మాట వర్తిస్తుంది. ఒకరి షేవరు ఇంకొకరు వాడకూడదు.

చంటిబిడ్డకు గుండు

తిరుపతిలోనో, ఇంటి దేవుడి దగ్గరో పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయిస్తాం. తిరుమల కల్యాణకట్టలో గుండుకు డబ్బు తీసుకోరు. ఎక్కడ తీయించినా బిడ్డకు కొత్త బ్లేడు పెట్టించాలి. చంటిబిడ్డ మాడు మెత్తగా ఉంటుంది. బిడ్డ కదలకుండా తల్లి తల పట్టుకోవాలి. తల మీద పుండ్లు, సెగ్గడ్డలు ఉంటే తగ్గేదాకా ఆగాలి.

గుండు చేస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని అంటారు. అది నిజం కాదు. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది. బ్లేడు దాన్ని తాకదు. కోసిన వెంట్రుక కొస మొండిగా ఉంటుంది. అందుకే గరుగ్గా, లావుగా అనిపిస్తుంది. అంతే.

ఆడవాళ్ళ సంగతి

దీని గురించి మాట్లాడటానికి సిగ్గుపడాల్సిన పని లేదు. చంకల్లో, మర్మావయవాల దగ్గర వెంట్రుకలు ఉండటం సహజం. అవి మురికి కాదు. రోజూ నీళ్ళతో కడుక్కుంటే చాలు. తీయడం, తీయకపోవడం ఎవరి ఇష్టం వాళ్ళది. తీయాలనుకుంటే ట్రిమ్మరుతో పొట్టిగా కత్తిరించుకోవడం మేలు. గాట్లు తక్కువ పడతాయి. బ్లేడు వాడితే సొంత బ్లేడే వాడాలి.

కాన్పుకు ముందు బ్లేడుతో గీయడం చాలా కాలంగా అలవాటు. అందరికీ అలా గీయనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆపరేషన్ గురించి 2016లో ఇంకో మాట చెప్పింది. వెంట్రుకలు తీయకుండా ఉంటే మంచిది. తప్పనిసరైతే మిషనుతో కత్తిరించాలి. బ్లేడుతో గీయకూడదు. ఎందుకంటే బ్లేడు గీసిన చోట కంటికి కనబడని గీతలు పడతాయి. ఆ గీతల్లో క్రిములు పెరుగుతాయి. ఆపరేషన్ కుట్లు చీము పట్టే ప్రమాదం ఉంటుంది. కాన్పుకు గానీ ఆపరేషన్‌కు గానీ వెళ్ళే ముందు ఇంట్లో బ్లేడుతో గీసుకుని వెళ్ళవద్దు. అవసరమైతే ఆస్పత్రి వాళ్ళే చేస్తారు.

ఎలా గీయాలి?

బ్లేడుతో అయితే ముందు గోరువెచ్చని నీళ్ళతో తడపాలి. సబ్బు నురగ రాసి రెండు మూడు నిమిషాలు ఆగాలి. వెంట్రుక మెత్తబడుతుంది. వెంట్రుక పెరిగే వైపుకే గీయాలి. అదిమి గీయకూడదు. మొద్దుబారిన బ్లేడే ఎక్కువ గాట్లు పెడుతుంది.

మామూలు షేవరుతో అయితే ముఖం పొడిగా ఉండాలి. ఒక చేత్తో చర్మం లాగి పట్టుకోవాలి. రెండో చేత్తో మెల్లగా తిప్పాలి. పని అయ్యాక లోపలి వెంట్రుకలు బ్రష్షుతో దులపాలి. ప్లగ్గులో ఉండగా తడి చేత్తో ముట్టుకోకూడదు. ఛార్జింగ్ పెట్టి, వైరు తీసేశాకే వాడటం మంచిది.

వాడేసిన బ్లేడు చెత్తలో ఊరికే పడెయ్యకండి. చెత్త ఎత్తే అమ్మల చేతులు తెగుతాయి. ఒక పాత డబ్బాకు సన్నని గాడి పెట్టండి. బ్లేడ్లు అందులో వెయ్యండి. నిండాక మూత బిగించి చెత్తబండి వాళ్ళకు చెప్పి ఇవ్వండి.

మామగారికి మిషను వచ్చింది. మొదటి రోజు ఆ చప్పుడుకు ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఇదేంటమ్మా, తుమ్మెదలా రొద పెడుతోంది" అన్నాడు. కోడలు నవ్వింది. పావుగంటలో పని అయిపోయింది. ఒక్క గాటు కూడా పడలేదు. అద్దం చూపించింది. ఆయన ఎడమ చేత్తో చెంప తడుముకున్నాడు.

"అక్కడక్కడ గరుగ్గా ఉందిలే. అయినా హాయిగా ఉందమ్మా" అన్నాడు.

గుర్తుంచుకోండి

1. ఎవరి బ్లేడు వారిదే. ఎవరి మిషను వారిదే.
2. నెత్తురు పలచన చేసే మాత్రలు వాడేవారికి, చక్కెర జబ్బు ఉన్నవారికి మిషను మేలు.
3. గాటు పడితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టాలి. అయినా ఆగకపోతే ఆస్పత్రికి వెళ్ళాలి.
4. డాక్టరు చెప్పకుండా మాత్రలు మానకూడదు.

జవాబులు చెప్పండి

1. మామగారికి నెత్తురు ఎందుకు వెంటనే ఆగలేదు?
2. మిషనులో బ్లేడు చర్మానికి ఎందుకు తగలదు?
3. ఆపరేషన్‌కు ముందు బ్లేడుతో ఎందుకు గీయకూడదు?
4. మీ ఇంట్లో ఒకే బ్లేడు ఎంతమంది వాడుతున్నారు? ఈ రోజే అడిగి తెలుసుకోండి.