అక్కా, అన్నం తిన్నావా? – వియత్నాం మాటలు

మీరు కోసిన మిరపకాయ ఎంత దూరం పోతుందో తెలుసా? గుంటూరు యార్డుకు చేరిన ఎండుకాయల్లో కొన్ని ఓడ ఎక్కి వియత్నాం పోతాయి. అది బర్మా, థాయిలాండు దాటాక తూర్పున ఉన్న దేశం. అక్కడ మిరపకాయను 'అత్' అంటారు. మన కాయ తినేవాళ్ళ మాటలు నాలుగు నేర్చుకుందాం.

వాళ్ళదీ వరి పండే నేలే. మనకు చేలో ఉంటే వరి, దంచితే బియ్యం, ఉడికితే అన్నం. వాళ్ళకూ మూడు మాటలున్నాయి: లువా, గావ్, కమ్. ఇంగ్లీషులో మూడింటికీ రైసు ఒక్కటే! పలకరింపు కూడా మనదే. "అన్ కమ్ చువ?" అంటే "అన్నం తిన్నావా?" అని. 'అన్' అంటే తినడం. ఎవరు తిన్నా, ఎప్పుడు తిన్నా 'అన్' మారదు. తిన్నాను, తిన్నది, తింటారు అని తోకలు మార్చే పని లేదు. ఈ విషయంలో మన తెలుగే కష్టం.

కానీ నోరు తెరిచే ముందు వరస తేల్చుకోవాలి. అక్కను 'చి' అంటారు. తమ్ముడైనా చెల్లెలైనా 'ఎమ్'. అవ్వ 'బా', తాత 'ఓంగ్'. మన పల్లెల్లో లాగే కొత్తవాళ్ళనూ వరస పెట్టే పిలుస్తారు. 'నేను' అనే మాట కూడా వరసను బట్టి మారుతుంది. అక్కతో మాట్లాడే చెల్లెలు తనను 'ఎమ్' అనే చెప్పుకుంటుంది. మనం పిల్లలతో "అమ్మ పెడుతుంది రా" అనమూ, అట్లాగే.

"నమస్కారం అక్కా" అనాలంటే "చావ్ చి" అనాలి. నవ్వొస్తోంది కదూ! మన చెవికి చావు, ఛీ అని వినపడుతుంది. వాళ్ళకు అదే మర్యాద. పెద్దవాళ్ళతో వరస కలపకుండా ఉట్టి 'చావ్' అంటేనే తప్పు.

అసలు చిక్కు గొంతులో ఉంది. 'మ' అని సమంగా అంటే దయ్యం. గొంతు పైకి లేపితే అమ్మ. ఇది దక్షిణాది మాట. కిందికి దించి టక్కున ఆపితే వరినారు. మన కలానికి దీర్ఘమిస్తే కాలం అవుతుంది చూడండి. వాళ్ళు ఇంగ్లీషు అక్షరాలే వాడుకుంటారు. గొంతు ఎటు తిప్పాలో చెప్పే గుర్తులు పైనా కిందా పెడతారు. తెలుగులో రాస్తే ఆ పలుకు దగ్గరగానే వస్తుంది, అచ్చంగా రాదు.

ఈ అక్షరాలు అక్కడి పెద్దవాళ్ళకు మొదట్లో రావు. 1945లో నూటికి 90 మందికి పైగా చదువు లేదు. ఆ సెప్టెంబరులో హోచిమిన్ ప్రభుత్వం పెద్దల చదువు మొదలుపెట్టింది. సంతకు పోయే దారిలో అక్షరాల పలక పెట్టేవాళ్ళు. చదివినవాళ్ళు దర్జాగా పోయేవాళ్ళు, చదవలేనివాళ్ళు పక్కదారిన పోవాలి. నాకిది మొరటుగా తోచింది. గంప నెత్తిన పెట్టుకున్న మనిషిని సిగ్గుపరచి నేర్పడమేమిటి?

ఇక సంతలోకి వెళదాం. "చి అయ్!" అని కేకేయండి. అదే మన "అక్కోయ్!" "బావ్ న్యూ?" అంటే ఎంత అని. ధర మరీ ఎక్కువైతే "దత్ క్వా!" అనండి. సరుకు సంచిలో వేసుకున్నాక "కామ్ అన్ చి" అనాలి. మేలు చేశావక్కా అని. మనం కొట్టు దగ్గర ఈ మాట అనం, వాళ్ళు అంటారు.