పువ్వు కాదు, ముందు ఆకు చూడు

పోయిన దసరా సెలవుల్లో నేను ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్ళా. అక్కకి ఏడో నెల. అమ్మ అంతకుముందు ఎప్పుడూ విమానం ఎక్కలేదు, అందుకని నాన్న నన్ను తోడు పంపించాడు. మనకి వానలు తగ్గే సెప్టెంబరు వాళ్ళకి వసంతం. ఊరి మధ్యలోనే 400 హెక్టార్ల కింగ్స్ పార్క్ ఉంది. పేరుకి పార్కే గానీ అందులో ఎక్కువ భాగం సహజమైన అడవి. బావతో కలిసి అక్కడికి బయల్దేరుతుంటే అమ్మ, "బతుకమ్మకి నాలుగు పసుపు పూలు దొరికితే పట్టుకురారా" అంది.

దారి పక్కనే దొరికాయి. పసుపులో కాస్త గోధుమరంగు కలిసిన చిన్న పూలు. ఫొటో తీస్తే ఫోన్‌లోని యాప్ బఠానీ కుటుంబం అని చెప్పింది. పక్కనున్న పొదకీ అదే జవాబు. సరే, రెండూ ఒకటే అనుకుని తెంపడానికి వంగా. బావ చెయ్యి పట్టుకుని ఆపాడు. అక్కడ అడవిలో సహజంగా మొలిచే పూలమొక్కలకి చట్టం రక్షణ ఉందట. అనుమతి లేకుండా కొయ్యకూడదు.

పార్కుని ఉచితంగా తిప్పి చూపించే వాలంటీర్ గైడ్లు ఉంటారు. ఆ రోజు మాకు దొరికిన పెద్దావిడ నా ఫొటో చూసి నవ్వింది. "నువ్వూ తేనెటీగలాగే మోసపోయావు" అంది.

సంగతేంటంటే, నేను కొయ్యబోయింది బఠానీ జాతి కాదు, గాడిద ఆర్కిడ్. పైకి లేచిన రెండు రేకలు గాడిద చెవుల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరు. పక్కనే పూసే బఠానీ జాతి పూలని ఇది రంగులోనూ ఆకారంలోనూ అనుకరిస్తుంది. తేనె ఉందనుకుని ఈగ వాలుతుంది. తేనె దొరకదు గానీ పుప్పొడి దానికి అంటుకుంటుంది. ఈగ మళ్ళీ ఇంకో ఆర్కిడ్ దగ్గర మోసపోతే దీని పని అయిపోయినట్టే. అంటే ఈగ, యాప్, నేను ముగ్గురం రంగు అనే ఒక్క ఫీచర్ నమ్ముకుని తప్పులో కాలేశాం.

"పువ్వుని వదిలెయ్. కింద ఏముందో చూడు" అంది ఆవిడ. చూశా. ఆర్కిడ్‌కి నేలలోంచి ఒక్కటే మెత్తటి కాడ, మొదట్లో గడ్డిలాంటి ఆకులు. బఠానీ జాతిది గట్టి కొమ్మల పొద. ఆ తర్వాత పువ్వు. మన కంది పువ్వు గుర్తుందా? వెనక జెండాలా ఒక పెద్ద రేక, చెరో పక్కా ఒక రెక్క, కింద పడవలా కలిసిన రెండు రేకలు. ఆ పడవలో పది కేసరాలు దాక్కుని ఉంటాయి. ఆర్కిడ్‌లో విడి కేసరాలుండవు, మధ్యలో అంతా కలిసిపోయిన ఒక్క స్తంభమే.

ఆ రెండు గంటల్లో నేర్చుకున్నవి ఇంకొన్ని చెప్తా.

వాటిల్: ఇది మన తుమ్మకి చుట్టం. బంగారు వాటిల్ 1988 నుంచి ఆస్ట్రేలియా జాతీయ పుష్పం. పసుపు బంతిలా కనిపించేది ఒక్క పువ్వు కాదు, చిన్న చిన్న పూల గుత్తి. చాలా వాటిల్‌లలో మనం ఆకు అనుకునేది నిజానికి ఆకు కాదు, వెడల్పైన ఆకు కాడ. దాన్ని ఫిల్లోడ్ అంటారు.

యూకలిప్టస్: మనం నీలగిరి, జామాయిల్ అని పిలిచే చెట్టే. మొగ్గకి టోపీలాంటి మూత ఉంటుంది. అది ఊడిపోయాక కేసరాలు కుచ్చులా విచ్చుకుంటాయి. గ్రీకులో ఆ పేరుకి అర్థమే 'బాగా కప్పినది'. జాతులని వేరుచెయ్యాలంటే మూత ఆకారం, కాయ, బెరడు చూడాలి.

బ్యాంక్సియా: 1770లో సేకరించిన జోసెఫ్ బ్యాంక్స్ పేరు దీనికి పెట్టారు. ఒక్కో కంకిలో వందల పూలు. పూత అయిపోయినా చెక్కలాంటి కాయల కంకి చెట్టునే ఉండిపోతుంది, కాబట్టి పువ్వు లేకపోయినా పోల్చుకోవచ్చు. చాలా జాతుల్లో ఆ కాయలు అడవి కాలిన తర్వాతే విచ్చుకుంటాయి.

కంగారూ పా: అంటే కంగారూ పంజా. ఎరుపు, ఆకుపచ్చ కలిసిన రకం 1960 నుంచి పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్ర పుష్పం. నూగున్న గొట్టం ఒక పక్క చీలి, చివర ఆరు గోళ్ళలా తెరుచుకుంటుంది. తేనె కోసం తల దూర్చిన పక్షికి నెత్తిన పుప్పొడి అంటుతుంది.

ఇదంతా హాబీ కబుర్లు అనుకోకండి. నేను తేలిగ్గా 'బఠానీ' అనేసిన కుటుంబంలోనే గాస్ట్రోలోబియం అనే పొదలున్నాయి. వాటిలో చాలావాటికి ఫ్లోరోఅసిటేట్ అనే విషం ఉంటుంది. 19వ శతాబ్దంలో ఐరోపా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ గొర్రెలు, పశువులు వీటిని మేసి చచ్చిపోయాయి. తరతరాలుగా ఆ నేల మీదే ఉన్న కంగారూల్లాంటివి చాలావరకు తట్టుకుంటాయి. పసుపు, ఎరుపు బఠానీ పూలు అక్కడ బోలెడు. ఏది మేత, ఏది విషం అన్నది రంగు చెప్పదు.

ఎప్పుడైనా అటు వెళ్తే ఒక్క పువ్వు ఫొటోతో సరిపెట్టకండి. మొత్తం మొక్క, ఆకు రెండు వైపులా, పువ్వు ముందు నుంచీ పక్క నుంచీ, మొగ్గ, కాయ, కింద నేల అన్నీ తియ్యండి. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న లెన్స్ జేబులో పెట్టుకోండి. తర్వాత ఆ రాష్ట్ర హెర్బేరియం నడిపే ఫ్లోరాబేస్‌లో పోల్చి చూడండి. బాట దిగకండి. ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి బూట్లకంటిన మట్టితో పాకి బ్యాంక్సియాల వేళ్ళని కుళ్ళబెడుతుంది. అందుకే కొన్ని అడవి బాటల మొదట్లో బూట్లు శుభ్రం చేసుకునే చోట్లు కనిపిస్తాయి. పువ్వు తెంపకపోయినా, బురద బూట్లతో నడిస్తే చెట్టునే చంపినవాళ్ళం అవుతాం.

ఖాళీ చేతులతో ఇంటికొచ్చి అమ్మకి ఫొటోలు చూపించా. ఆర్కిడ్‌నీ పొదనీ ఒక్క చూపులో వేరుచేసింది. "ఎట్లా తెలిసిందమ్మా?" అంటే, "ఆకు వేరే కదరా. తంగేడు పూసేదాకా ఆగి గుర్తుపడతామా?" అంది. ఆ సాయంత్రం షాపులో కొన్న చామంతులతోనే అక్క ఇంట్లో బతుకమ్మ పేర్చారు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ఒక పని చేశా. మన దగ్గర చాలాచోట్ల రోడ్ల పక్కన నాటిన ఆస్ట్రేలియా తుమ్మ మన హాస్టల్ గోడ పక్కన కూడా ఉంది. దాని కింద చిన్న మొలకల కోసం వెతికా. దొరికింది. మొదటి ఆకులు మన తుమ్మలాగే సన్నగా చీలి ఉన్నాయి, ఆపైనవి వెడల్పైన ఫిల్లోడ్లు. మూడేళ్ళుగా రోజూ దాని పక్క నుంచే క్లాసుకి వెళ్తున్నా. మీరూ ఓసారి ఆగి చూడండి.