పిల్లికూనను ఇంటికి దెచ్చుటకు ముందు

గడచిన జూను నెలలో, బడి తెఱచిన వారముననే, ఆఱవ తరగతి బాలుడొకడు పుస్తకముల సంచిలో పిల్లికూన నొకదానిని బెట్టుకొని తరగతికి వచ్చెను. గడ్డికుప్ప ప్రక్కను దొరకినదట. దాని కన్నులు అప్పుడప్పుడే విచ్చుచుండెను. "తల్లి వదిలేసింది మాస్టారూ" అని వాడు చెప్పెను. వాని జాలి మంచిదే. కాని మూడవనాటికి ఆ కూన చనిపోయెను. పిల్లవాడు రెండు దినములు సరిగా అన్నము ముట్టలేదని వాని తల్లిగారు మాతో జెప్పిరి. ఇందు బాలుని తప్పేమియు లేదు. చెప్పవలసిన వారము మేము, చెప్పమైతిమి. ఆలస్యముగానైనను ఈ సంచికలో చెప్పుచున్నాము.

మొదటి మాట. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని మన పెద్దలందురు. ఇది వట్టి సామెత గాదు. ఈనిన చోట సందడి యెక్కువైనచో తల్లి తన కూనలను మెడయొద్ద నోట గఱచుకొని, ఒక్కొక్కదానినే వేఱొక తావునకు మోసికొనిపోవును. ఒకదానిని మోయుచున్నంతసేపు తక్కినవి దిక్కులేనివానివలె పడియుండును. అప్పుడు చూచినవారికి తల్లి విడిచిపోయినట్లే తోచును. కావున కూన కనబడినంతమాత్రమున ఎత్తుకొనరాదు. దూరముగా నిలిచి కొన్ని గంటలు కనిపెట్టవలయును. బండ్లు, కుక్కలు తిరుగు త్రోవలో నున్నయెడల ప్రక్కనున్న మఱుగులోనికి జరిపిన చాలును. మన బాలుడు జాలిపడిన కూనకు తల్లి యుండెనేమో. ఆ రాత్రి వచ్చి వెదకెనేమో!

కూన పుట్టిన వారము పదిదినములకు కన్నులు తెఱచును. నాలుగవ వారమునుండి పాలతోపాటు మెత్తని తిండి నేర్చుకొనును. ఎనిమిది వారములు నిండకమునుపు దానిని తల్లినుండి వేఱుచేయరాదు. ఈ కాలమున తల్లి యిచ్చునది పాలు మాత్రమే కాదు. కూనలు ఒకదానితో నొకటి పెనగులాడునపుడు ఒకటి గట్టిగా గఱచినచో రెండవది కీచుమని యఱచి ఆట మానును. కోఱల బలము నెంతవఱకు చూపవచ్చునో దానికట్లు తెలియును. ముందుగా విడదీయబడిన కూన ఈ పాఠము నేర్వక మన చేతులను గఱచుచు, గీరుచు పెరుగును. మనుష్యుల చేతికి మచ్చికయగుటయు రెండవ వారము మొదలు ఏడవ వారములోపలనే చక్కగా జరుగును. కనుక పొరుగింట పిల్లి యీనినచో, కూనను అక్కడనే యుంచి, మీరే దినదినము పోయి కొంతసేపు ఒడిలో నుంచుకొని రండు. శిక్షణ కళాశాలలో మేము పసిపిల్లలను గూర్చి చదివిన పాఠములు మాకిక్కడ జ్ఞప్తికి వచ్చుచుండును.

ఇక తిండి. పిల్లి యనగానే పాలగిన్నె మన కన్నులకు గట్టును. కాని ఆవుపాలు, గేదెపాలు కూనకు సరిపడవు. విరేచనములు పట్టి, ఒంటిలోని నీరు తగ్గి, చిన్న కూన ఒకటి రెండు దినములలోనే నశింపవచ్చును. పెద్దపిల్లులలోను అనేకములకు పాలు జీర్ణము గావు. పాలను జూచి పరుగెత్తిన తెనాలి రామకృష్ణుని పిల్లి కథను మనము నవ్వుకొనుచు చెప్పుకొందుము గాని, ఆ భయము దానికి మేలే చేసియుండును! నిజముగా తల్లిలేని కూనయైనచో, దానికొఱకే తయారుచేసిన పాలపొడిని పశువైద్యుని సలహాతో వాడవలయును. రెండు మూడు గంటల కొకమాఱు, రాత్రియందును, గోరువెచ్చగా, కూనను బోర్ల నుంచి పట్టవలయును. బడికి పోవు పిల్లవాని కిది సాధ్యమా?

పెరిగిన పిమ్మట పెరుగన్నముతో సరిపుచ్చుదమన్నను కుదరదు. పిల్లి మాంసాహారి. టారిన్ అను పదార్థము కొఱవడినచో పిల్లికి కంటి లోపలిపొర చెడి చూపు పోవునని 1975లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. అది చేపలలో, కోడిమాంసములో గలదు, అన్నములో లేదు. మాంసము వండని యిండ్లవారు ఈ సంగతిని ముందే యోచించుకొనుట మంచిది.

అన్నిటికంటె భయంకరమైనది రేబిస్. ఇది కుక్కలకే వచ్చునని పలువురి నమ్మకము. "ఏటి మాస్టారూ, పిల్లికి కూడా సూదిమందేనా?" అని యొక తండ్రిగారు నవ్విరి. ఔను, పిల్లికి గూడ. 1885లో పాస్టరు మహాశయుడు తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేసి కాపాడిననాటినుండి నేటివఱకు, ఈ జబ్బు లక్షణములు బయటపడిన పిమ్మట ప్రాణము నిలుపు నమ్మకమైన మందు లేదు. కూనకు మూడు నెలలు నిండగానే టీకా వేయించి, ఏడాదికి మరల వేయించవలయును. మన చీపురుపల్లికి సమీపమున గరివిడిలో పశువైద్య కళాశాలయే యున్నది గదా! కూన కఱచినను, నెత్తురు వచ్చునట్లు గీరినను, పసుపు, సున్నము పూయరాదు. ధారగా బోయుచున్న నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ప్రభుత్వ వైద్యశాలకు పోవలయును. తిట్లకు వెఱచి గాయమును దాచు పిల్లలున్నారు. తలిదండ్రులు ముందుగానే అభయ మియ్యవలెను.

ఎలుకలకొఱకే పిల్లిని దెచ్చువారు ఎలుకలమందు పెట్టుట మానవలయును. మందు తిన్న ఎలుకను దినినచో పిల్లియు చచ్చును. మన జ్వరమునకు వేసికొను పారాసిటమాలు పిల్లికి విషము. ఒక్క మాత్రయే చాలును. ఇంట గర్భిణి యున్నచో పిల్లి మలమును ఇతరులే దినదినము తీసివేయవలెను. ఆడుకూన అయిదాఱు నెలలకే చూలు దాల్పగలదు. తొమ్మిది వారములకు ఈనును. శస్త్రచికిత్స చేయింపనియెడల ఆ కూనలు ఎవరి గడ్డికుప్పలకు చేరునో వేఱుగా చెప్పనేల?

పిల్లి పండ్రెండు పదునైదేండ్లు బ్రతుకును. నేటి ఆఱవ తరగతి బాలుడు అప్పటికి ఉద్యోగస్థుడై యుండును. నడుమ చదువునకై విజయనగరమో, విశాఖపట్టణమో పోవును. అప్పుడు పిల్లి తల్లిగారి పాలబడును. కావున మొదట అడుగవలసినది ఆమెనే. వసతిగృహములోని విద్యార్థులకు ఈ యాలోచనయే వలదు.

ఆ బాలుడు మరల అడిగెను. పొరుగింట పిల్లి యీనినది. కూనలకిప్పుడు అయిదు వారములు. వాడు సాయంకాలము లక్కడికి పోయి వచ్చుచు, తన లెక్కల పుస్తకము వెనుక అట్టపై మిగిలిన దినములను గీతలు గీసి కొట్టివేయుచున్నాడు. తల్లిగారు ఒప్పుకొనిరి. ఇసుకపళ్ళెమును ఎవరు శుభ్రము చేయవలయునను మాట మాత్రము ఆ యింట ఇంకను తేలలేదట.