కృత్రిమ మేధ – ప్రదర్శన క్షేత్రము

ఈ మధ్య మన సంఘ సమావేశములలో ‘కృత్రిమ మేధ’ యను మాట తరచుగ వినవచ్చుచున్నది. యంత్రమే తెగులును గుర్తించుననియు, ధర నూహించుననియు, మనుష్యునివలె బదులు చెప్పుననియు అనుచున్నారు. కేంద్ర ప్రభుత్వము 2024 మార్చిలో దీనికై అయిదేండ్లకు సుమారు 10,372 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. అంతకు ముందే, 2023లో, పి.యం. కిసాన్ రైతుల సందేహములు తీర్చుటకు ‘కిసాన్ ఇ-మిత్ర’ యను యంత్రసహాయకుని నేర్పరచినది. ప్రభుత్వముల యుత్సాహ మిట్లుండగా, జీవితమంతయు కంప్యూటర్లతో గడపిన వృద్ధ నిపుణులు కొందరు ‘తొందర వలదు’ అని హెచ్చరించుచున్నారు. వీరు యంత్రద్వేషులు కారు. ఇట్టి యుత్సాహమును పూర్వము కన్నులార చూచినవారు. వారి శంక యెట్టిదో తెలియుటకు పాత వృత్తాంత మొకటి చెప్పెదను.

1954 జనవరి 7వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున ఐ.బి.యం. కంపెనీవారును, జార్జిటౌన్ విశ్వవిద్యాలయమువారును కలిసి యొక యంత్రమును ప్రదర్శించిరి. అది అరువదికి పైగా రష్యను వాక్యములను ఇంగ్లీషులోనికి మార్చినది. పత్రికలు కొనియాడెను. మూడు లేక అయిదేండ్లలో ఈ విద్య చాలవరకు సిద్ధింపవచ్చునని ఆశ కల్పించిరి. రష్యను శాస్త్రగ్రంథములు చదువ గోరిన ప్రభుత్వము ధారాళముగ ధన మొసంగెను. కాని యా యంత్రమునకు తెలిసినవి 250 మాటలును, ఆరు వ్యాకరణ సూత్రములును మాత్రమే. వాక్యములును ముందుగ నేరి యిచ్చినవే.

ఇరువదేండ్లుగా ప్రదర్శన క్షేత్రములు వేయించుచున్న నాకు దీని మర్మము సులభముగ బోధపడినది. బావి ప్రక్కనున్న మంచి చెక్కను ఏరి, ప్రతిదినమును చూచుచు పెంచిన పైరు బాగుగనే పండును. ఒక యేడు నా మాట నమ్మి, కాలువ చివరనున్న పొలమున అదే విత్తనము వేసిన రైతునకు సమయమునకు నీరందలేదు. పంట పోయినది, అప్పు మిగిలినది. ‘అయ్యా, మీ చెక్కలో పండుట నిజమే; నా చేను మీరు చూచితిరా?’ అని యత డడిగిన ప్రశ్న నేటికిని మరువలేదు.

అమెరికాలోను అట్టి ప్రశ్నయే పుట్టెను. ఎం.ఐ.టి. సంస్థలో 1951లో ఈ పనికే నియమితుడైన బార్-హిల్లెల్ అను విద్వాంసుడు, లోకజ్ఞానము లేని యంత్రము మాటల యర్థమును నిశ్చయింపజాలదని 1960లో వాదించెను. మన భాషలో ‘మడి’ యనిన వరిపొలమో, ఆచారమో, సందర్భము నెరిగిన వానికే గదా తెలియును! పిమ్మట జాన్ పియర్స్ అను ననుభవశాలి యధ్యక్షుడుగా ఏడుగురి సంఘము 1966లో నివేదిక వెలువరించెను. సుమారు రెండుకోట్ల డాలర్లు వ్యయమైనను, యంత్రానువాదము మనుష్యుల యనువాదముకంటె ఆలస్యముగను, తప్పులతోను నుండి, రెట్టింపు ఖర్చగుచున్నదని తేల్చిరి. ధనసహాయము చాలవరకు తగ్గిపోయెను.

అట్లని యంత్రము వ్యర్థమని యనుకొనరాదు. పిదప అనేక దశాబ్దములకు, వేరు మార్గమున, కోట్లకొలది వాక్యములనుండి నేర్చిన యంత్రములు నేడు తెలుగును సయితము మార్చుచున్నవి. విత్తు మంచిదే, పండు కాలమును గూర్చి చెప్పిన మాటయే తప్పు. నేటి యంత్రమునకును ఒక దోషము కలదు: తెలిసిన దానిని, తెలియని దానిని ఒకే ధైర్యముతో చెప్పును.

రోబో యంత్రముల నిపుణుడు రాడ్నీ బ్రూక్స్ ఒక మంచి పద్ధతి చూపినాడు. ఏ పని యెన్నడు సిద్ధించునో 2018 జనవరి 1న తేదీలతో వ్రాసి పెట్టి, ఏటేట అదే దినమున సరిచూచుకొనుచున్నాడు. లెక్క పుస్తకము గల మన సంఘమున కిది క్రొత్త గాదు.

కావున సభ్యులారా, ఎవరైన ఇట్టి యంత్రసేవను సంఘమునకు అమ్మవచ్చినచో మూడు విషయము లడుగుడు. ఒకటి, మన నేలలో, మన పంటపై, ఏ రైతుల చేలలో పరీక్షించిరి? రెండు, చందా పోగా ఎకరమునకు మిగులునది యెంత? మూడు, సలహా తప్పినచో నష్టమునకు ఉత్తరవాది యెవరు? వారి వాగ్దానమును తేదీతో మినిట్సు పుస్తకమున వ్రాయుడు. మొదటి పంటకు ఒక ఎకరమున యంత్రపు సలహాను, దాని ప్రక్క యెకరమున మీ వాడుక పద్ధతిని అనుసరించి, రెంటి దిగుబడిని, ఖర్చును సరిపోల్చుడు. లాభము కనబడిన పిమ్మటనే సంఘపు సొమ్ము వెచ్చింపవలెను. వాగ్దానము తప్పినచో చెప్పినవా రింకొక యూరు పోవుదురు; అప్పు మాత్రము మన యూరనే యుండును.